నెయ్‌జెన్ తెవ్‌ఫిక్‌ను ఎలా చదవాలి: టర్కీ వ్యంగ్యకవి దగ్గరికి మెట్టు మెట్టుగా

నెయ్‌జెన్ తెవ్‌ఫిక్ పేరు ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా దొరికేవి ఆయన కవితలు కావు, ఆయన మీద పుట్టిన కథలు. తాగి ఎవరినో ఏదో అన్న కథ, పిచ్చాసుపత్రిలో డాక్టరుకు జవాబు చెప్పిన కథ, మంత్రిని నోరు మూయించిన కథ. వాటిలో చాలావరకు సరదాగానే ఉంటాయి. కానీ అవి చదివి ఆయన్ని చదివేశాం అనుకుంటే నష్టం మనదే. కథల కింద కవి మునిగిపోయాడు, కవి కింద సంగీతకారుడు మునిగిపోయాడు. ఆ ఇద్దరినీ పైకి తీయడానికి నేను కొన్నేళ్లుగా పట్టుకున్న దారి ఇది. టర్కిష్ రాని తెలుగు పాఠకుడు కూడా ఈ దారిలో చాలా దూరం వెళ్లగలడు. వరుస మాత్రం మార్చకండి, ముఖ్యంగా మొదటి మెట్టు.

మొదలుపెట్టే ముందు: ఏ తెవ్‌ఫిక్?

ఒకే కాలంలో ఇస్తాంబుల్‌లో ముగ్గురు తెవ్‌ఫిక్‌లు ప్రసిద్ధులు. తెవ్‌ఫిక్ ఫిక్రెత్ (1867–1915) ఆధునిక టర్కిష్ కవిత్వానికి దారి వేసినవాడు. రిజా తెవ్‌ఫిక్ (1869–1949) వైద్యం చదివి, తత్వశాస్త్రం మీద రాసి, ‘ఫిలొజొఫ్ రిజా’ అని పేరు పడ్డవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన ఒట్టొమన్ (పాత టర్కీ) రాజ్యాన్ని ముక్కలు చేసిన 1920 నాటి సెవ్ర్ సంధి మీద సంతకం పెట్టిన ఒట్టొమన్ ప్రతినిధుల్లో ఆయన ఒకడు. ఆ కారణంగా దేశం వదిలి ఏళ్ల తరబడి బయట బతికి, 1943లో తిరిగొచ్చాడు. మూడో ఆయన మన నెయ్‌జెన్ (1879–1953). ‘టర్కీ తత్వవేత్త, వ్యంగ్యకవి’ అని వెతికితే రిజా, నెయ్‌జెన్ ఇద్దరూ కలిసిపోయి వస్తారు, ఎందుకంటే రిజా కూడా ఎత్తిపొడుపు కవితలు రాశాడు. పుట్టిన సంవత్సరం చూసి విడదీయండి. నెయ్‌జెన్‌ను జనం ప్రేమతో తత్వవేత్త అన్నారే తప్ప, ఆయన తత్వశాస్త్ర గ్రంథం ఏదీ రాయలేదు. ఆయన తత్వం పద్యంలో ఉంది, బతికిన తీరులో ఉంది.

మెట్టు 1: చదవకండి, ముందు వినండి

‘నెయ్’ అంటే రెల్లు జాతి గొట్టంతో చేసే పిల్లనగ్రోవి. ‘నెయ్‌జెన్’ అంటే దాన్ని వాయించేవాడు. అది పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు, జనం ఇచ్చిన పేరు. అంటే ఈ మనిషి తన కాలంలో కవి కంటే ముందు వాద్యకారుడు. అందుకే మొదటి వారం ఒక్క కవిత కూడా చదవకుండా ఆయన నెయ్ వినమని చెబుతాను. ఆయన వాయించినవి పాత 78 స్పీడు గ్రామఫోన్ రికార్డులుగా వచ్చాయి. వాటి నకళ్లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో వినడానికి దొరుకుతాయి.

వినేటప్పుడు మన వేణువును మనసులో పెట్టుకోకండి. మన వేణువును అడ్డంగా పట్టి పక్కనున్న రంధ్రంలో ఊదుతాం. నెయ్‌ను ఏటవాలుగా కిందికి పట్టి, గొట్టం పై అంచు మీద ఊపిరిని చీలుస్తారు. తొమ్మిది కణుపులున్న గొట్టం, ముందు ఆరు రంధ్రాలు, వెనక ఒకటి. టర్కీ నెయ్‌కు పైన ‘బాష్‌పారె’ అనే చిన్న మూతి అమర్చుతారు. సంప్రదాయంగా దాన్ని కొమ్ముతో చేస్తారు. కొత్తగా నేర్చుకునేవాడికి మొదట్లో స్వరమే రాదు, గాలి చప్పుడు మాత్రమే వస్తుంది. ఆ గాలి చప్పుడు బాగా వాయించేవారి స్వరంలో కూడా పూర్తిగా పోదు. ఊపిరి వినిపిస్తూనే ఉంటుంది. పాత రికార్డు గరగరలోంచి ఆ ఊపిరిని పట్టుకోండి.

రెండు రకాల రికార్డులు వెతకండి. ఒకటి ‘తక్సిమ్’. మన ఆలాపన లాంటిది, తాళం లేకుండా అప్పటికప్పుడు మకామును విప్పుకుంటూ పోవడం. మకాం అంటే వాళ్ల రాగం అనుకోండి, ప్రస్తుతానికి అది చాలు. రెండోది ‘సాజ్ సెమాయీసి’. ఇది ముందే కూర్చిన రచన. నాలుగు భాగాలు, ప్రతి భాగం తర్వాత తిరిగి వచ్చే పల్లవి లాంటి ముక్క, పది మాత్రల తాళం, చివరి భాగంలో తాళం మారడం దాని లక్షణాలు. నెయ్‌జెన్ పేరు మీద నిహావెంద్ మకాంలో ఉన్న సాజ్ సెమాయీసిని ఈ రోజుకీ కచేరీల్లో వాయిస్తారు. అది మూడు నాలుగు సార్లు వినండి.

ఇది ఎందుకు ముందు అంటే, నెయ్‌కు అక్కడి కవిత్వంతో ఉన్న సంబంధం ఏడువందల ఏళ్లకు పైబడినది. కోన్యాలో 1273లో కన్నుమూసిన సూఫీ కవి రూమీ తన మహాకావ్యం మస్నవీని నెయ్ గొంతుతోనే మొదలుపెట్టాడు. తాను పుట్టిన రెల్లు పొద నుంచి తెగిపోయిన గొట్టం ఆ విరహాన్ని చెప్పుకుని ఏడుస్తుంది. అప్పటి నుంచి మెవ్లెవీ సూఫీలకు (రూమీ దారిలో నడిచేవాళ్లకు) అది ఒట్టి వాద్యం కాదు, లోపల ఖాళీ చేసుకున్న మనిషికి గుర్తు. తెవ్‌ఫిక్ కవితల్లో బూతు, కోపం, వెటకారం ఎంత ఉన్నా, వాటి వెనక ఈ ఖాళీ గొట్టం ఉంది. ముందే విన్నవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మెట్టు 2: జీవితాన్ని ఊళ్ల వారీగా రాసుకోండి

తేదీల పట్టిక కంటే ఊళ్ల పట్టిక ఈయన విషయంలో బాగా పనిచేస్తుంది. ఒక కాగితం తీసుకుని ఆరు ఊళ్లు రాయండి: బొద్రుమ్, ఉర్లా, ఇజ్‌మీర్, ఇస్తాంబుల్, కైరో, మళ్లీ ఇస్తాంబుల్.

బొద్రుమ్ ఏజియన్ సముద్రం ఒడ్డున ఉంది, పాత రోజుల్లో దాన్నే హలికర్నాసస్ అనేవారు. 1879లో అక్కడ పుట్టాడు. తండ్రి హసన్ ఫెహ్మీ బడిపంతులు, సొంతూరు నల్లసముద్రం వైపు బాఫ్రా దగ్గరి కొలాయ్. 1934లో ఇంటిపేరు చట్టం వచ్చినప్పుడు కుటుంబానికి ‘కొలాయ్‌లీ’ అనే ఇంటిపేరు ఆ ఊరి నుంచే వచ్చింది. తమ్ముడు షెఫిక్ కొలాయ్‌లీ పశువైద్య శాస్త్రంలో పేరున్న పరిశోధకుడు అయ్యాడు. ఒకే ఇంట్లో ఒకరు ప్రయోగశాలకు, ఒకరు మెయ్‌హానెకు (అంటే సారాయి దుకాణానికి) వెళ్లారు. ఈ తేడా గుర్తుంచుకోండి. ఈయన చదువు విలువ తెలియని ఇంట్లో పుట్టినవాడు కాదు.

ఉర్లా ఇజ్‌మీర్ దగ్గరి చిన్న ఊరు. తండ్రి ఉద్యోగం వల్ల కుటుంబం అక్కడికి చేరింది. అక్కడ రెండు సంగతులు కలిసి వచ్చాయి. ఒకటి మూర్ఛవ్యాధి. రెండోది నెయ్. నేర్పింది ఎవరో ఉస్తాద్ కాదు, బెర్బెర్ కాజిమ్ అనే మంగలి. బెర్బెర్ అంటేనే మంగలి. క్షౌరశాల కుర్చీ పక్కన మొదలైన ఆ సంగీతం జీవితాంతం వదల్లేదు, మూర్ఛ కూడా అంతే. ఈ రెండూ ఒకే ఊళ్లో, దాదాపు ఒకే వయసులో పట్టుకున్నాయన్నది నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయంగా అనిపిస్తుంది.

ఇజ్‌మీర్‌లో బడి సాగలేదు, మూర్ఛలు సాగనివ్వలేదు. బదులుగా మెవ్లెవీ మఠం దొరికింది, షాయిర్ ఎష్రెఫ్ దొరికాడు. షాయిర్ అంటే కవి. ఎష్రెఫ్ (1847–1912) ఆ కాలపు తిట్టుకవుల్లో మొదటివాడు. చిన్న పట్టణాల్లో ప్రభుత్వ అధికారిగా పనిచేస్తూనే సుల్తాన్ పాలన మీద పద్యాలు చెప్పి, జైలుకు వెళ్లి, ఆ తర్వాత ఈజిప్టుకు పారిపోయాడు. తెవ్‌ఫిక్‌కు వ్యంగ్యం విద్యగా అబ్బింది ఈయన దగ్గరే. కవితల్లోకి వెళ్లేముందు ఎష్రెఫ్ నాలుగు పాదాల పద్యాలు కొన్ని చదవగలిగితే మంచిది. మొదటి మూడు పాదాల్లో మర్యాదగా నడిపించి నాలుగో పాదంలో తోసెయ్యడం ఆయన పద్ధతి. శిష్యుడు దాన్నే తీసుకున్నాడు.

ఇస్తాంబుల్‌కు దాదాపు ఇరవై ఏళ్ల వయసులో వచ్చాడు. చదవాల్సింది ఫెత్‌హియె మద్రసాలో, తిరిగింది గలాతా, కాసిమ్‌పాషా మెవ్లెవీ మఠాల్లో. ఇక్కడ ఒక స్నేహం ఉంది, దాని మీద కాస్త సమయం పెట్టండి. మెహ్మెత్ ఆకిఫ్ (1873–1936) నిష్ఠగల ముస్లిం, నీతికి కట్టుబడ్డ మనిషి, వృత్తిరీత్యా పశువైద్యుడు. 1921లో టర్కీ జాతీయగీతంగా తీసుకున్న కవిత ఆయనదే. ఆయన తెవ్‌ఫిక్ దగ్గర నెయ్ నేర్చుకున్నాడు, తెవ్‌ఫిక్ ఆయన దగ్గర భాషలు నేర్చుకున్నాడు. ఒకరు మసీదు మనిషి, ఒకరు మధుశాల మనిషి. ఇద్దరికీ పడనిది ఒకటే, దొంగభక్తి. తెవ్‌ఫిక్‌ను మతద్రోహి అని తేల్చేసేవాళ్లకు, గొప్ప నాస్తికుడు అని భుజాన ఎత్తుకునేవాళ్లకు నేను ఈ స్నేహమే చూపిస్తాను.

ఇస్తాంబుల్‌లోనే తెవ్‌ఫిక్ బెక్తాషీ అనే సూఫీ మార్గంలో చేరాడు. 1826లో సుల్తాన్ రెండో మహ్మూద్ తన జానిసరీ సైన్యాన్ని తుడిచిపెట్టినప్పుడు వాళ్లతో ముడిపడ్డ బెక్తాషీలను కూడా అణచివేశారు. అయినా ఆ మార్గం చాటుమాటుగా బతికింది. నియమాల కంటే లోపలి మనిషిని చూసే మార్గం అది, నవ్వును సాధనంలా వాడే మార్గం. సుల్తాన్ అబ్దుల్ హమీద్ గూఢచారుల భయం పెరిగిన రోజుల్లో ఈజిప్టుకు వెళ్లిపోయి, 1908లో రాజ్యాంగం తిరిగి అమల్లోకి వచ్చాక ఇస్తాంబుల్‌కు తిరిగొచ్చాడు. ఆ తర్వాత చివరిదాకా ఇస్తాంబులే. 1953 జనవరి 28న అక్కడే కన్నుమూశాడు.

మెట్టు 3: ప్రతి కవిత పక్కన ఒక ప్రభుత్వం పేరు రాయండి

ఇది చిన్న మెట్టు, కానీ దాటేస్తే తర్వాత అంతా తికమక. ఆయన 74 ఏళ్ల లోపు జీవితంలో నాలుగైదు రకాల రాజ్యాలు చూశాడు: 1909 దాకా అబ్దుల్ హమీద్, ఆ తర్వాత మొదటి ప్రపంచయుద్ధం ముగిసే 1918 వరకు యువ టర్కుల ఇత్తిహాద్ పార్టీ, 1918 నవంబరు నుంచి 1923 దాకా పరాయి సైన్యాల చేతిలో ఇస్తాంబుల్, 1923 అక్టోబరు 29 నుంచి గణతంత్రం, 1950లో ఎన్నికల్లో నెగ్గిన డెమొక్రాట్ పార్టీ. తిట్టిన కవి ఒకడే, తిట్లు తిన్నవాళ్లు మారుతూ వచ్చారు. తేదీ తెలియకుండా ఒక కవిత చదివితే ఆయన రాచరికం వైపా, గణతంత్రం వైపా అని పాఠకుడికి ఒకటే టెన్షన్. తేదీ పెట్టుకుంటే తెలుస్తుంది, ఆయన ఎదురుగా ఉన్నవాడి మీద రాశాడు.

హైదరాబాద్ వాళ్లకు ఈ కాలాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక కొండగుర్తు. 1924లో ఖలీఫా పదవిని రద్దు చేసి చివరి ఖలీఫా అబ్దుల్ మెజీద్‌ను దేశం దాటించారు. ఆయన కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం పెద్ద కొడుకును పెళ్లి చేసుకుని హైదరాబాద్ వచ్చింది. పాతబస్తీలో ఆమె పేరుతో ఉన్న ఆస్పత్రి ముందు నుంచి మనలో చాలామంది నడిచే ఉంటారు. తెవ్‌ఫిక్ చూస్తుండగా కూలిపోయిన ఇల్లు ఆమె పుట్టిల్లే.

ఖలీఫా పదవి పోయిన మరుసటి ఏడు, 1925 నవంబరు చివర, కొత్త ప్రభుత్వం సూఫీ మఠాలన్నిటినీ చట్టంతో మూసేసింది. తెవ్‌ఫిక్ నెయ్‌కు చోటిచ్చిన మెవ్లెవీ లోకం, బెక్తాషీ లోకం, రెండూ ఒక్క చట్టంతో తలుపులు వేసుకున్నాయి. ఆ తర్వాతి కవితలు చదివేటప్పుడు ఇది మనసులో ఉండాలి.

మెట్టు 4: పది మాటలు నేర్చుకోండి, అందులో సగం మీకు ముందే తెలుసు

టర్కిష్ అంటే భయపడకండి. దుకాణం అక్కడ ‘దుక్యాన్’, మైదానం ‘మెయ్‌దాన్’, కలం ‘కలెమ్’, కబురు ‘హబెర్’, జవాబు ‘జెవాప్’, హక్కు ‘హక్’. అరబ్బీ, పారశీకం నుంచి వాళ్లకూ మనకూ ఒకే మాటలు వచ్చాయి. మనకు ఉర్దూ, మరాఠీ, కచేరీ కాగితాల గుండా వచ్చాయి, అంతే తేడా. లిపి విషయంలో మూడు గుర్తులు చాలు. ఇంగ్లిష్ ‘సి’ అక్షరం ఉంటే ‘జ’ అని పలకాలి, దాని కింద తోక ఉంటే ‘చ’. ‘ఎస్’ కింద తోక ఉంటే ‘ష’. ‘జి’ మీద చిన్న టోపీ ఉంటే దాదాపు పలకరు, ముందున్న అచ్చును సాగదీస్తారు.

ఇక అసలు మాటలు. ‘హిజివ్’ అంటే నిందాకావ్యం, మన తిట్టుకవిత్వం. ఉర్దూ చదివినవాళ్లు ‘హజ్వ్’ అని గుర్తుపడతారు. ఇది చిన్న ఆట కాదు. నెఫీ అనే మహాకవిని 1635లో సుల్తాన్ నాలుగో మురాద్ కాలంలో ఉరిబిగించి చంపారు, ఆయన హిజివ్‌లు ఆయనకు తెచ్చిన శత్రువులు తక్కువవాళ్లు కారు. ‘జాహిద్’ అంటే పైపై నిష్ఠలు చూపించేవాడు, ‘రింద్’ అంటే లోకం నిందించినా లోపల శుద్ధంగా ఉండే తాగుబోతు జ్ఞాని. ఈ జంట పారశీక, ఒట్టొమన్ కవిత్వంలో శతాబ్దాలుగా పోట్లాడుకుంటూనే ఉంది. కాబట్టి తెవ్‌ఫిక్ కవితలో మధువు కనిపిస్తే ఒకేసారి రెండు రకాలుగా చదవాలి. అది పాత కవిత్వపు మధువు, భగవత్ప్రేమకు పేరు. అదే సమయంలో ఆయన నిజంగా తాగిన రాకీ (టర్కీ సారాయి) కూడా. మిగతా కవుల్లో రెండోది ఊహే కావచ్చు. ఈయనలో రెండూ నిజం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘హిచ్’. 1919లో, ఇస్తాంబుల్ పరాయి సైన్యం చేతిలో ఉండగా, వచ్చిన ఆయన పుస్తకం పేరు అదే. ‘హిచ్’ అంటే ‘ఏమీ కాదు’. ‘ఏమైంది?’ అని అడిగితే ‘ఏం లేదు’ అన్నట్టు టర్కీలో రోజుకు పదిసార్లు వాడే మాట. అదే మాట సూఫీల దగ్గర అహం కరిగిపోయిన స్థితి. రోజువారీ మాట, తపస్సు చివరి మాట ఒకటే కావడం ఆ భాష చేసిన మేలు. తెలుగులో దీన్ని ‘శూన్యం’ అంటే పెద్దగా మోగుతుంది, ‘ఏమీ లేదు’ అంటే తేలిపోతుంది. నేను చాలా రోజులు తిరిగి ‘ఉత్తది’ దగ్గర ఆగాను. ఉత్త చేతులు, ఉత్త మాట, ఉత్త మనిషి. రెండు వైపులా కాస్తైనా తాకే మాట నాకు ఇప్పటికి ఇదే దొరికింది.

రెండో పుస్తకం ‘అజాబ్-ఇ ముకద్దెస్’. ‘అజాబ్’ యాతన, ‘ముకద్దెస్’ పవిత్రం. పవిత్ర యాతన. ఉర్దూ తెలిసిన తెలంగాణ పాఠకులకు అనువాదమే అక్కర్లేదు.

మెట్టు 5: చెవితో ఛందస్సు పట్టుకోండి

మన పాఠకుడికి యూరప్ పాఠకుడి కంటే ఇక్కడ పెద్ద లాభం ఉంది. ఒట్టొమన్ కవులు వాడిన ‘అరూజ్’ ఛందస్సు మన గురులఘువుల లాంటిదే, అక్షరం పొడుగు పొట్టి మీద నడుస్తుంది. వాళ్లు ఎక్కువగా వాడిన నడకల్లో ఒకటి ‘ఫాయిలాతున్ ఫాయిలాతున్ ఫాయిలాతున్ ఫాయిలున్’. దీన్ని గురులఘువుల్లో రాయండి: గురువు, లఘువు, గురువు, గురువు. ఇలా మూడుసార్లు, చివర గురువు, లఘువు, గురువు. ఇప్పుడు మన మత్తకోకిలను పక్కన పెట్టండి. మత్తకోకిలలో ప్రతి ముక్క చివర వచ్చే రెండు లఘువులను ఒక గురువుగా కలిపితే సరిగ్గా ఇదే వస్తుంది. మాత్రల లెక్క ఒకటే, మూడు, నాలుగు, మూడు, నాలుగు. మత్తకోకిల పద్యం పాడటం వచ్చినవారెవరైనా ఈ నడకలో ఉన్న ఒట్టొమన్ కవితను మొదటిరోజే చదవగలరు.

అచ్చ టర్కిష్ మాటల్లో దీర్ఘాచ్చులు లేవు కాబట్టి కవులు కొన్ని అక్షరాలను బలవంతంగా సాగదీసేవారు. జానపద కవులు, బెక్తాషీ కవులు మాత్రం ‘హెజె’ వాడారు, అది ఒట్టి అక్షరాల లెక్క, పాదానికి ఏడు, ఎనిమిది, లేదా పదకొండు. తెవ్‌ఫిక్ రెండు లోకాల్లోనూ పెరిగినవాడు. ఒక కవిత చేతికి వచ్చాక మొదట అది ఏ నడకో తేల్చుకోండి. మద్రసా గొంతుతో మాట్లాడుతున్నాడా, మఠం వాకిట్లో కూర్చుని మాట్లాడుతున్నాడా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

మెట్టు 6: ఆయనది కానిదాన్ని జల్లెడ పట్టండి

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడ. మొదట్లో నేను ఒక బొమ్మ మీద రాసి ఉన్న నాలుగు పాదాలను ఆయనవే అనుకుని అనువదించి, చాలామందికి పంపాను. తర్వాత పుస్తకంలో వెతికితే కనబడలేదు. అప్పటి నుంచి జల్లెడ లేకుండా ఒక్క పాదం కూడా తీసుకోను.

కారణం మనకు కొత్తదేమీ కాదు. చివర మకుటం తగిలిస్తే చాలు, ఏ పద్యమైనా వేమనదైపోతుంది. కొంటె చాటువు ఏది దొరికినా శ్రీనాథుడి ఖాతాలోనో తెనాలి రామకృష్ణుడి ఖాతాలోనో పడుతుంది. అక్కడ బూతు, వ్యంగ్యం, మతపెద్దల మీద ఎత్తిపొడుపు ఉన్న పద్యం ఏదైనా తెవ్‌ఫిక్ ఖాతాలో పడుతుంది. పైగా ఆయన కవితలు చాలావరకు ముందు నోటితో తిరిగాయి, తర్వాత కాగితం మీదికి వచ్చాయి.

మొదటి పరీక్ష పుస్తకం. ఆయన బతికుండగానే, 1949లో, ఇహ్సాన్ ఆదా ఆయన కవితలను ‘అజాబ్-ఇ ముకద్దెస్’ పేరుతో అచ్చు వేయించాడు. అందులో ఉందా లేదా చూడండి. ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే వెంటనే కొట్టేయకండి, పక్కన పెట్టండి.

రెండో పరీక్ష లిపి. 1928 నవంబరులో టర్కీ అరబ్బీ లిపి వదిలి లాటిన్ లిపికి మారింది. 1919 నాటి ‘హిచ్’ పాత లిపిలో ఉంది, 1949 పుస్తకం కొత్త లిపిలో. పాత కవితను కొత్త లిపిలోకి ఎత్తి రాసేటప్పుడు తప్పులు దొర్లుతాయి, అరబ్బీ లిపిలో పొట్టి అచ్చులు రాయరు కాబట్టి ఒకే మాటను రెండు రకాలుగా చదవొచ్చు. ఒకే పాదం రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడకండి, ఏది ఛందస్సుకు సరిపోతుందో చూడండి. అయిదో మెట్టు ఇక్కడ అక్కరకు వస్తుంది.

మూడో పరీక్ష మాటల వయసు. నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇది. 1932లో భాషా సంఘం ఏర్పడ్డాక అరబ్బీ, పారశీక మాటలను తీసేసి అచ్చ టర్కిష్ మాటలు ప్రవేశపెట్టారు. బడికి ‘మెక్తెప్’ పోయి ‘ఒకుల్’ వచ్చింది, పంతులుకు ‘ముఅల్లిమ్’ పోయి ‘ఒరెత్‌మెన్’ వచ్చింది, విమానానికి ‘తయ్యారె’ పోయి ‘ఉచాక్’ వచ్చింది. అబ్దుల్ హమీద్ మీద చెప్పిన పద్యం అంటూ ఎవరైనా పంపినదాంట్లో ఈ కొత్త మాటలు కనిపిస్తే అది ఆ కాలపుది కాదు. నిఘంటువు ఒక్కటి పక్కన ఉంటే ఎవరైనా చేయగల పరీక్ష.

కథల విషయంలో ఇంకో పరీక్ష పెట్టండి. అదే కథ ఇంకెవరి పేరు మీదైనా ఉందా? టర్కీలో బెక్తాషీ చెణుకులు ఒక పెద్ద రాశి. అందులో పేరులేని బెక్తాషీ బాబా ఒకడు నమాజు గురించో ఉపవాసం గురించో అడిగినవాడికి ఎదురు జవాబు చెబుతాడు. ఆ పేరులేని బాబా స్థానంలో తెవ్‌ఫిక్‌ను కూర్చోబెట్టిన కథలు చాలా ఉన్నాయి. గురువు ఎష్రెఫ్ కథలు కూడా శిష్యుడి దగ్గరికి వలస వచ్చాయి. అవి తెలిశాక ఆ కథలను పారేయక్కర్లేదు. నేను రెండు నోట్‌బుక్కులు పెట్టుకున్నాను, ఒకటి తెవ్‌ఫిక్ రాసినవాటికి, ఒకటి జనం తెవ్‌ఫిక్ పేరుతో చెప్పుకున్నవాటికి. రెండోది కూడా విలువైనదే. పైకి చెప్పడానికి భయపడిన మాటలను జనం ఎవరి నోట పెట్టారో అందులో తెలుస్తుంది.

మెట్టు 7: ఆస్పత్రిని తమాషాగా చూడకండి

1927లో డాక్టర్ మజ్‌హర్ ఉస్మాన్ ఉస్క్యుదార్‌లోని పాత తొప్తాషీ ఆశ్రమం నుంచి రోగులను బకిర్‌కోయ్‌కి తరలించి, టర్కీలో కొత్త కాలపు మానసిక వైద్యశాలకు పునాది వేశాడు. తెవ్‌ఫిక్ అక్కడ పలుమార్లు చేరాడు. తాగుడు ముదిరినప్పుడు వెళ్లేవాడు, కోలుకుని బయటికి వచ్చేవాడు, మళ్లీ వెళ్లేవాడు. ఈ రాకపోకలు జనంలో హాస్యకథలయ్యాయి. అవి చదివి నవ్వే ముందు ఉర్లా ఊరును గుర్తు తెచ్చుకోండి. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉన్న మనిషి, మద్యం దాన్ని ఇంకా చెడగొడుతుందని తెలిసీ వదల్లేకపోయిన మనిషి. పుస్తకానికి ‘యాతన’ అని పేరు పెట్టుకున్నది ఆయనే. తాగుడు వల్లే ఆయన గొప్పవాడయ్యాడు అనే రాతలను నేను నమ్మను. తాగుడు ఉన్నా ఆయన నెయ్ వాయించగలిగాడు, రాయగలిగాడు. ఎన్ని రాయకుండా పోయాయో.

ఆయన తన మీద తాను రాసుకున్న కవితలను విడిగా గుర్తుపెట్టుకుని, ఈ మెట్టు మీద కూర్చుని చదవండి. పాషాలను (పెద్ద అధికారులను) తిట్టినదానికంటే తక్కువగా ఏమీ తనను తిట్టుకోలేదు. సూఫీల్లో ‘మెలామీ’ అనే తోవ ఒకటి ఉంది, లోకం తనను నిందించేలా బతకడం, మంచితనాన్ని దాచుకోవడం. ఆయన దాన్ని సాధనగా చేశాడా, జీవితం అలా జరిగిపోయిందా అని కవితల్లోంచే మీరు తేల్చుకోవాలి. నాకు ఒక్కో కవిత దగ్గర ఒక్కోలా అనిపిస్తుంది.

మెట్టు 8: ఒక నాలుగు పాదాలు తెలుగులోకి తెండి

ఇన్ని మెట్లు ఎక్కాక చదివింది నిజంగా అర్థమైందా అని తేల్చేది అనువాదమే. 1949 పుస్తకంలో ఉన్నదని తేలిన చిన్న ‘కితా’ (నాలుగు పాదాల ముక్తకం) ఒకటి ఎంచుకోండి. మొదటి రోజు మాటకు మాట కింద రాయండి, వాక్యం కుదరకపోయినా సరే. రెండో రోజు ఎవరిని అంటున్నాడు, ఏ సంవత్సరం, ఏ ప్రభుత్వం అని పక్కన రాయండి. మూడో రోజు మూలం మూసేసి, మీ ఊళ్లో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని అదే మాట అంటే ఎలా అంటాడో అలా రాయండి.

పద్యంలో పెట్టాలని తొందరపడొద్దు. ఒకవేళ పెడితే ఆటవెలది మంచిది, చివరి పాదంలో కొరడా దెబ్బకు అందులో చోటుంది. టర్కిష్‌లో ప్రాస పాదం చివర, మనది రెండో అక్షరం దగ్గర. రెండూ ఒకేసారి సాధించబోతే తిట్టులో వాడి పోతుంది. వాడి ముఖ్యం, ప్రాస కాదు.

బూతు దగ్గర చాలామంది ఆగిపోతారు. చుక్కలు పెట్టి దాటేస్తే కవి అబద్ధమైపోతాడు. గ్రాంథికంలోకి మార్చితే ఇంకా అబద్ధం. మనకు కవిచౌడప్ప ఉన్నాడు, తిట్టుకు పేరుపడ్డ వేములవాడ భీమకవి ఉన్నాడు. తెలుగు తిట్టుకు పద్యంలో చోటు ఎప్పుడూ ఉంది. తిట్టు ఎవరి మీద పడుతోందో మాత్రం చూసుకోండి. బలవంతుడి మీద పడితే తిట్టు తిట్టుగానే రానివ్వండి. ఆ కాలపు అలవాటుతో బలహీనుల మీద పడిన పాదం ఎదురైతే, దాన్ని అలాగే తెచ్చి కింద మీ అభ్యంతరం ఒక వాక్యంలో రాయండి.

అనువాదం అయ్యాక మూలాన్ని పైకి చదివి, తర్వాత మీ తెలుగును పైకి చదవండి. రెండింటిలోనూ ఊపిరి ఒకే చోట ఆగుతోందా చూడండి. ఆగకపోతే ఆ పాదం మళ్లీ రాయండి. నెయ్ వాయించినవాడి కవిత కాబట్టి ఊపిరి ఆగే చోటు ఆయన చూసి పెట్టినదే.

వెళ్లగలిగితే

ఇస్తాంబుల్‌లో గలాతా మెవ్లెవీ మఠం ఇప్పుడు మ్యూజియం, తూనెల్ స్టేషన్ నుంచి నాలుగు అడుగులు. ఆసియా వైపు కార్తాల్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది, కాడికోయ్ నుంచి మెట్రో ఎక్కితే కార్తాల్ దాకా వెళ్లొచ్చు. బొద్రుమ్‌లో పడవల రేవు వెంట సాగే వీధికి ఆయన పేరే పెట్టారు. పొద్దునే వెళ్లండి, హోటళ్లు తెరవకముందు. గాలి పడవల తెరచాప కొయ్యల మధ్య నుంచి వస్తుంటే చెవిలో నిహావెంద్ పెట్టుకుని ఆ వీధి చివరిదాకా నడవండి.